ఆరా, ఏడా

ఆ రోజు పొద్దుటి నుంచి నన్ను కూర్చోమని ముగ్గురు చెప్పారు. కాఫీ ఇచ్చిన ఆవిడ ఒకసారి, గడ్డి కోసే బండి మీద వెళ్తున్న పెద్దాయన ఒకసారి, ఫోన్‌లో మా ఆవిడ మంగళ ఒకసారి. కూర్చోవడం చేతనైతే కదా! బెంచీ మీద కూలబడతాను, ఫోన్ తీసి స్కోరు చూస్తాను, లేస్తాను, నాలుగడుగులు వేస్తాను, మళ్లీ ఫోన్ తీస్తాను. మధ్యాహ్నం రెండింటికే పద్నాలుగు వేల అడుగులు నడిచానని నా వాచీ మెచ్చుకుంది.

"ఆడేది మీరు కాదండీ, అది," అంది మంగళ. "నోరు మూసుకుని చూసి రండి. మీ నోటి సంగతి నాకు తెలుసు."

అది అంటే మా అమ్మాయి ఉదయశ్రీ. ఇక్కడివాళ్ల నోట్లో పడి యూడీ అయింది. ఆస్ట్రేలియా మొత్తం మీద గోల్ఫ్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లల జట్ల పోటీ అది. జట్టుకి ఐదుగురు, మూడు రోజుల ఆట, రోజూ ఐదుగురిలో మంచి స్కోర్లు నాలుగు లెక్కలోకి వస్తాయి. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు. అది మూడో రోజు. మా అమ్మాయి యూనివర్సిటీ జట్టుకీ, అడిలైడ్ నుంచి వచ్చిన జట్టుకీ మధ్య తేడా ఒక్క దెబ్బ. మావాళ్లే ముందున్నారు. మా జట్టులో ఒక అబ్బాయి ఆ పూట బంతుల్ని చెరువులో పడేసుకుని చేతులెత్తేశాడు. అంటే ఉదయ స్కోరు లెక్కలోకి వచ్చి తీరాలి. అది నిలబడితే కప్పు, పడితే లేదు.

ఆ కప్పు దానికెంత అవసరమో తెలియదుగానీ నాకు మాత్రం చాలా అవసరం. మేముండే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పిల్లల ఫొటోలు రోజూ పడుతుంటాయి. ఒకడు డాక్టరు కోటు వేసుకుని, ఇంకొకడు బ్యాంకు బిల్డింగు ముందు నిలబడి. "మీ అమ్మాయేం చదువుతోంది, కనకరాజు గారూ?" అని అడిగితే రెండేళ్లుగా "మేనేజ్‌మెంట్" అని చెప్పి మాట మార్చేస్తున్నాను. గోల్ఫ్ అనే ముక్క మింగేస్తున్నాను. కప్పు పట్టుకుని ఉన్న ఫొటో ఒక్కటి దొరికితే ఆ ముక్క కూడా నోరారా చెప్పేద్దామని నా ఆశ.

ఇక నా నోటి సంగతి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎదుటివాళ్ల పనిలో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. తప్పు కనబడితే చెప్పకుండా ఉండలేను. చెప్పకుండా ఉన్నందుకు ఈ ఇరవై రెండేళ్లలో నాకెవరూ జీతం ఇవ్వలేదు. మొదటి రోజే ఉదయ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. చూడ్డానికి వచ్చేవాళ్లు ఏం చేయకూడదో అందులో ఉంది. ఆడేవాళ్లు బయటివాళ్లని సలహా అడిగితే రెండు దెబ్బల శిక్ష. ఆ వాక్యం కింద అది ఎర్ర ఇంకుతో గీత గీసింది.

"డాడ్, ప్లీజ్. జస్ట్ వాచ్. ఏం చెప్పకు," అంది.

"నేనేం చెప్తానే? నాకు ఆట వస్తే కదా," అన్నాను.

"ఆట రాకపోయినా చెప్తావ్ కదా," అంది, నవ్వకుండా.

అందుకే దాని వెనకాల తిరగకుండా పొద్దున్నే వచ్చి ఆఖరి హోల్‌లో బంతి కొట్టే చోటు పక్కన బెంచీ పట్టుకున్నాను. చిన్న హోల్ అది. నిలబడ్డ చోటు నుంచి ఒక్క దెబ్బకి బంతి ఎదురుగా గుంత, జెండా ఉన్న పచ్చటి గ్రీన్ మీద పడాలి. ముందు చెరువు, వెనక ఇసుక గుంట. ఊరికే కూర్చోలేక నా పని నేను మొదలుపెట్టాను. ఎవరు ఏ నంబరు కర్ర తీస్తున్నారు, బంతి ఎక్కడ పడుతోంది, ఫోన్‌లో రాసుకున్నాను. ఆరో నంబరు కర్రతో దూరం ఎక్కువ, ఏడో నంబరుతో కాస్త తక్కువ. మధ్యాహ్నం నుంచి గాలి తిరిగి వెనక నుంచి తోస్తోంది. ఆ తర్వాత ఆరు తీసిన ప్రతివాడి బంతీ గ్రీన్ దాటిపోయి ఇసుకలో పడింది. తొమ్మిది మందిలో తొమ్మిది మంది! చూస్తూ చెప్పకుండా కూర్చోవడం ఎంత నరకమో నాకు తెలుసు.

మూడున్నరకి, అందరికన్నా ఆఖరున ఉదయ వచ్చింది. దాంతో పాటు అడిలైడ్ జట్టు అమ్మాయి హోలీ. గోల్ఫ్‌లో ఒకరి స్కోరు ఒకరు రాస్తారు కాబట్టి ఉదయ కార్డు హోలీ చేతిలో, హోలీ కార్డు ఉదయ చేతిలో ఉన్నాయి. ముందు హోలీ కొట్టింది. బంతి చక్కగా గ్రీన్ మీద ఆగింది. ఆ పిల్ల ఏ కర్ర తీసిందో నాకు కనబడలేదు. ఉదయకీ కనబడలేదనుకుంటాను.

ఉదయ ఆరో నంబరు తీసింది.

నేను లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. నాలుక పళ్ల మధ్య పెట్టుకున్నాను. అది కర్రని చేతిలో తిప్పుతోంది, చెట్ల కొమ్మల వైపు చూస్తోంది, పక్కకి జరుగుతోంది, మళ్లీ వస్తోంది. చిన్నప్పుడు పరీక్ష హాలు బయట ఇలాగే తిరిగేది. దాని కర్రల సంచి నా బెంచీ పక్కనే ఉంది. అది సంచి దగ్గరికి వచ్చింది. తల ఎత్తకుండా, పెదాలు కదిలీ కదలకుండా అడిగింది.

"ఆరా, ఏడా, నాన్నా?"

నాకు ముందు అర్థం కాలేదు. ఇంట్లో మేం తెలుగులో మాట్లాడితే అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. నన్ను డాడ్ అంటుంది. అసలు నన్ను ఏదైనా అడిగి రెండేళ్లయింది. బయోమెడికల్ మానేసి గోల్ఫ్ చదువులో చేరినప్పుడు ఫీజు కట్టేశాక చెప్పింది. "ఒక్క మాట అడగలేదేమే?" అని ఆ రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. "అడిగితే వద్దంటావ్, సో అడగలేదు," అంది. అప్పట్నుంచీ కారు కొన్నా అడగలేదు, ఇల్లు మారినా అడగలేదు. దొరికిన ప్రతి పండక్కీ అదే దెప్పాను. అలాంటి పిల్ల నన్ను అడిగింది. సంతోషం ముంచుకొచ్చింది. దాచుకోవడం దేనికి, కళ్లు చెమర్చాయి.

"ఏడు," అన్నాను.

అది ఆరు లోపల పెట్టి ఏడు తీసింది. కొట్టింది. బంతి లేచి, గాలి తోసిన మేరకు వెళ్లి, జెండాకి పది అడుగుల దూరంలో పడి ఆగింది. ఇంకో రెండు దెబ్బల్లో ముగించింది. హోలీకీ మూడే పట్టాయి. అంటే ఒక్క దెబ్బ తేడాతో కప్పు మాది.

గ్రీన్ పక్కన మా జట్టు పిల్లలు గెంతుతున్నారు. కెప్టెన్ లియమ్ ఉదయని ఎత్తి గిరగిరా తిప్పాడు. నేను మంగళకి ఫోన్ చేసి "గెలిచేశామే!" అన్నాను. ఫొటో ఏ చెట్టు కింద తీస్తే బాగుంటుందా అని వెలుతురు చూస్తూ తిరుగుతున్నాను. అప్పుడు రెఫరీ ఆలిసన్ అనే ఆవిడ వచ్చి, ఒక నిమిషం లోపలికి రమ్మంది.

కార్డుల మీద సంతకాలు పెట్టే చిన్న గది అది. ఉదయ ఒక కుర్చీలో, హోలీ ఇంకో కుర్చీలో ఉన్నారు. కార్డు బల్ల మీద ఉంది. ఉదయ ఇంకా సంతకం పెట్టలేదు. కూర్చోండి అంది ఆలిసన్. ఆ రోజు ఆ మాట చెప్పిన నాలుగో మనిషి ఆవిడ. నేను నిలబడే ఉన్నాను.

"హోలీకి ఒక సందేహం వచ్చింది," అంది ఆవిడ ఇంగ్లీషులో. "మీరిద్దరూ మీ భాషలో ఏదో అనుకున్నారట. తర్వాత యూడీ కర్ర మార్చిందట. ఏమన్నారో చెప్తారా?"

"ఆయన 'యేడూ' అన్నారు," అంది హోలీ మెల్లగా. పాపం ఆ పిల్లకే సిగ్గుగా ఉన్నట్టుంది.

ఉదయ బల్ల వైపే చూస్తోంది. ఎక్కడ నోరు తెరుస్తుందోనని నేను ముందే అందుకున్నాను. నా బుర్ర అంత వేగంగా ఆఫీసులో కూడా ఎప్పుడూ పని చేయలేదు.

"ఏడు అంటే మా భాషలో ఏడవమని," అన్నాను. "పిల్ల టెన్షన్ పడుతోంది. కాస్త ఏడిస్తే తేలికవుతుందని, ఏడు అన్నాను."

"మీ అమ్మాయిని ఏడవమన్నారా?" ఆలిసన్ కళ్లజోడు తీసింది.

"మా ఇళ్లల్లో మామూలేనండి," అన్నాను. ఏ నిఘంటువు తెచ్చి చూసినా నన్ను తప్పుపట్టలేరు. ఏడు అంటే ఏడవమని కూడా అర్థం ఉంది. ఇంతటి తెలివి నాకు దేవుడు ఆ క్షణం కోసమే ఇచ్చాడనుకున్నాను.

"మరి ఆమె మిమ్మల్ని ఏమైనా అడిగిందా? అడగకుండా మీరే ఏదైనా అన్నట్టయితే ఆమె తప్పు లేదు. అడిగిందంటే మాత్రం రెండు దెబ్బలు కలపాలి."

"లేదు," అన్నాను. "నన్నేమీ అడగలేదు. అసలు నన్ను ఎప్పుడూ ఏమీ అడగదు."

ఉదయ తలెత్తి నా వైపు చూసింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు అలవాటే, తట్టుకునేవాణ్ని. తర్వాత ఆలిసన్ వైపు తిరిగి ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"అడిగాను. ఆరా, ఏడా అని మా నాన్నని అడిగాను. ఏడు అంటే మా భాషలో సెవెన్. అడగకూడదని తెలుసు, నోట్లోంచి వచ్చేసింది. వచ్చి చెప్దామనే సంతకం ఆపాను."

ఆలిసన్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తర్వాత కార్డు మీద మూడు కొట్టేసి ఐదు వేసింది. ఉదయ సంతకం పెట్టింది. ఒక్క దెబ్బ తేడాతో కప్పు అడిలైడ్ వాళ్లకి వెళ్లిపోయింది. హోలీ ఏడ్చేసింది, గెలిచిన పిల్ల! బయట మా జట్టు పిల్లలు మొహాలు వేలాడేసుకున్నారు. లియమ్ కాసేపు టోపీ నలుపుతూ నిలబడి, వచ్చి ఉదయ భుజం తట్టాడు. నా వైపు ఒక్కడూ చూడలేదు. చూడకపోవడమే మేలనిపించింది.

కారు దగ్గర సంచి డిక్కీలో పెడుతుంటే, "సారీరా," అన్నాను. "నా నోటి వల్లే పోయింది."

"కప్పు గురించి కాదు, నాన్నా."

"మరి?"

"నేను అడిగాను కదా." తెలుగులోనే, మాటలు వెతుక్కుంటూ మాట్లాడుతోంది. "అడగవు, అడగవు అని టూ ఇయర్స్ నుంచి అంటున్నావ్. ఇవాళ అడిగాను. భయం వేసింది, నువ్వే గుర్తొచ్చావ్, అడిగాను. అందరి ముందూ నన్నేమీ అడగలేదు అన్నావ్."

"నీకోసమే కదే అన్నాను."

"తెలుసు," అంది. కళ్లు తుడుచుకుని, కారెక్కి తలుపు వేసుకుంది.

డ్రైవరు తలుపు తీశాను, మళ్లీ వేశాను. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాను. కాళ్లు ఆ చిన్న గది వైపే లాగాయి. వెళ్లాను. ఆలిసన్ కాగితాలు సర్దుకుంటోంది.

"ఫలితం రాసేశానండి. ఇప్పుడేమీ మారదు," అంది నన్ను చూసి.

"మార్చమని రాలేదండి. ఇందాక అబద్ధం చెప్పాను," అన్నాను. "మా అమ్మాయి నన్ను అడిగింది. ఏడు అని నేనే చెప్పాను."

ఆవిడ తల ఊపింది. కుర్చీ చూపించి కూర్చోమంది. నేను కూర్చున్నాను.