తువాలు కింద వేలు

మా నాయన సిద్ధయ్య మేకల బేరగాడు. ఆత్మకూరు సంతలో చేతుల మీద తువాలు కప్పి, లోపల వేళ్లు నొక్కుతూ ధర తెగ్గొడతాడు. పక్కనున్నవాడికి కూడా తెలియదు. బేరం మధ్యలో తువాలు లాగడమంటే పెద్ద అవమానం. నేను లాగాను, బాగా చేశాను.

నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. పల్చటి ప్లాస్టిక్ పొరలతో ఒక వేలు చేశాను. ఒక పక్క నలుపు. ఎండ తగిలితే అది వేడెక్కి వేలు వంగుతుంది, నీడలో మళ్లీ చాపుకుంటుంది. మోటారు లేదు, బ్యాటరీ లేదు. ఇలాంటి వేళ్లతో టమాటాను నలపకుండా పట్టుకునే రోబో చెయ్యి చేయాలని నా పంతం. ఎన్ని పొరలు పగిలాయో, ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

విజయవాడలో జరిగే రోబోల పోటీకి పేరు ఇచ్చే ఆఖరి రోజు సంత రోజే. నాయనకు అన్నం తెచ్చి, ఎండ బాగుందని వేలును అక్కడే పరీక్షిస్తున్నాను. మా కాలేజీ యజమాని సురేంద్రబాబు కారు దిగాడు.

"సిద్ధయ్యా, నీ కూతురు చేసింది మా మాధవ్ పేరున పోటీకి పోతాది. నీకేం కావాలో మాట్లాడుకుందాం రా" అంటూ నాయన చెయ్యి పట్టుకుని తువాలు కప్పాడు.

మాధవ్ ఆయన కొడుకు, నా క్లాసే. ఆ వేలును ముట్టుకున్న పాపాన పోలేదు!

తువాలు కింద వేళ్లు కదులుతున్నాయి. బేరం కుదిరిందంటే నాయన చచ్చినా మాట తప్పడు. నా పేరు మేకల మధ్యే అమ్ముడుపోతోంది. ఒళ్లు మండిపోయింది. తువాలు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

సంతంతా ఇటు తిరిగింది.

"ఏందమ్మే ఇది? బుద్ధుండాదా?" అని గద్దించాడు సురేంద్రబాబు.

"ఉండబట్టే గుంజినాను సార్. నా పేరుకి ఎంతిస్తారో గట్టిగా చెప్పండి, అందరూ వింటారు."

"నువ్వెట్టా పాసవుతావో చూస్తా."

"చూడండి. ఆ మాట కూడా ఇంతమంది విన్నారు."

నాయన కొడతాడేమో అనుకున్నాను. ఆయన అరచెయ్యి చాపాడు.

"ఆ వేలు ఇట్టా తే."

పెట్టాను. ఎండకు అది మెల్లగా వంగి ఆయన చూపుడువేలిని చుట్టుకుంది. నాయన కాసేపు దాన్నే చూశాడు.

"ఇంకొంచెం సేపైతే బేరం కుదిరిపోయేది అమ్మే" అన్నాడు. తర్వాత సురేంద్రబాబు ముఖం ముందు చెయ్యి చాపాడు. "సార్, ఇది తువాలు కింద పని చెయ్యదు. దీనికి ఎండ కావాల."

ఎవరో ఈల వేశారు. సురేంద్రబాబు కారెక్కాడు.

"ఫోన్ తియ్యి. నీ పేరు ఇప్పుడే ఎక్కించు. గట్టిగా చదవతా ఎక్కించు" అన్నాడు నాయన.

మేకలు కూడా ఉలిక్కిపడేలా చదివాను: "నిరోష, తండ్రి సిద్ధయ్య, దుత్తలూరు."