హంతకుణ్ణి ఎన్నుకున్న ఇల్లు

అత్తగారు డిటెక్టివ్ నవల రాశారు. రాసి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. అచ్చు కూడా వేయించారు. మొదటి ప్రతి తెచ్చి కూరల సంచీ అందించినట్టు చిన్న కోడలి చేతికిచ్చి, "ఆదివారం మీ పేపర్లో వచ్చేయాలి, నాలుగు మంచి ముక్కలు రాసెయ్" అన్నారు.

చిన్న కోడలు ఒక పత్రికలో పుస్తకాల పేజీ చూస్తుంది. ఆరేళ్ళుగా అందులో ఒక్క అబద్ధం రాయలేదు. రచయితలు బతిమాలారు, తిట్టారు, ఒకాయనైతే పూలగుత్తి పంపాడు. పూలు కూజాలో పెట్టుకుని, పుస్తకం బాగాలేదనే రాసింది. అయితే ఆ పేజీ మీద ఆమెకున్న ప్రేమంతా సాహిత్యం మీది ప్రేమే కాదు. ఆమె బతుకులో ఆ ఇంటివాళ్ళ వేలు పడని చోటు అదొక్కటే.

ఆ ఇంట్లో ఏదైనా భోజనాల బల్ల దగ్గరే తేలాలి. కర్టెన్ల రంగు, పెద్ద కొడుకు క్లినిక్ బోర్డు, చిన్న కొడుకు మీసం, అన్నీ బల్ల చుట్టూ చేతులెత్తి తేల్చినవే. చిన్న కొడుకంటే ఈమె మొగుడే. మీసం ఓడిపోయింది. నవల సంగతీ అంతే. శనివారం సాయంత్రాలు అత్తగారు ఒక్కో అధ్యాయం చదివేవారు, మిగిలినవాళ్ళు దిద్దించేవారు. ఆదివారం పేజీ పూర్తిచేసేది శనివారమే గనక చిన్న కోడలు ఒక్కసారీ అక్కడ లేదు. తన అదృష్టమనుకుంది.

పుస్తకం ఆఫీసు క్యాంటీన్‌లో తెరిచింది. వాన, కొండ మీద బంగళా, ఒక పిల్లి, కుట్టుపని నేర్పుతూ తీరికవేళల్లో హంతకుల్ని పట్టే ఒక పెద్దావిడ. సరే, అందరూ రాసేదే. అట్ట మీద 'మొదటి పేజీలోనే శవం!' అని ఉంది. ఆ శవం కోసం ఆమె పేజీలు తిప్పుతూనే ఉంది. బంగళా యజమాని టీ తాగుతాడు, పడుకుంటాడు, లేచి మళ్ళీ టీ తాగుతాడు. సగం పుస్తకం అయ్యేదాకా గుండ్రాయిలా ఉన్నాడు. పదిమంది చేతిలో పాము చావదంటారు. ఇక్కడ ముసలాయనా ఓ పట్టాన చావలేదు.

ఎక్కడ ఎవరి వేలు పడిందో ఆమెకి వేరే చెప్పాలా? "మొదటి పేజీలోనే నన్ను చంపేస్తావా?" అని మామగారు అలిగి ఉంటారు. పళ్ళ డాక్టరొకడు అనుమానాస్పదంగా కథలోకి వచ్చి, రెండో పేరాకల్లా కళ్ళ డాక్టరై, అధ్యాయం ముగిసేలోపు ఊరే వదిలిపోయాడు. బావగారు పళ్ళ డాక్టరు మరి. ముసలాయన్ని చివరికి చంపిన విషం ఏ మందుల షాపులోనూ కొన్నది కాదట, పెరట్లో దొరికిందట. మందుల షాపు ఆడపడుచుది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకాలు. తడుముకుని ఆగారా, గుమ్మడికాయనే కథలోంచి తీయించేశారు. పిల్లి ఒక్కటే చివరిదాకా పిల్లిగా మిగిలింది, ఆ ఇంట్లో పిల్లి లేదు కాబట్టి.

చివరి అధ్యాయంలో పెద్దావిడ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, హంతకురాలు ఈమే అని వేలు చూపించింది. బంగళా యజమాని చిన్న కోడలి వైపు.

ఆ చిన్న కోడలు అంతవరకు నోరు తెరవలేదు. రెండుసార్లు టీ తెచ్చింది, ఒకసారి ఖాళీ కప్పులు తీసుకెళ్ళింది. ఎందుకు చంపిందో ఎక్కడా లేదు. 'ఆమె మొదట్నించీ అంతే' అని ఒక్క వాక్యం ఉంది. అది చదివి అసలు చిన్న కోడలు నవ్వబోయింది. ఆఫీసునుంచి ఆలస్యంగా వెళ్ళిన ప్రతిసారీ అత్తగారు తన గురించి అనే మాట అదేనని గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

ఇంటికెళ్ళి అడిగేసింది. "అత్తయ్యా, చంపింది చిన్న కోడలా?"

"కథేగా! నువ్వు శనివారాలు ఉండవు కదమ్మా. ఉన్నవాళ్ళెవరూ ఒప్పుకోలేదు."

"పోనీ, ఎందుకు చంపింది?"

"అవన్నీ ఎవరు చూస్తారు?" అంది ఆడపడుచు. "నువ్వు రాసింది పంపేముందు శుక్రవారం ఇక్కడ చదువు. ఇంటి విషయం, నలుగురం చూసుకుంటే మంచిది."

"నాలుగు ముక్కలు రాసెయ్యరాదూ, పోయేదేముంది?" అన్నాడు మొగుడు. పైపెదవి నున్నగా మెరుస్తోంది.

మర్నాడు ఎడిటర్ పిలిచాడు. "మీ అత్తగారు ఫోన్ చేశారు. ఫొటో ఎంత సైజులో వెయ్యాలో కూడా చెప్పారు. నీకిష్టం లేకపోతే ఇంకొకరికి ఇస్తాను. రాస్తే మాత్రం ఆవిడ నీకేమవుతారో మొదటి లైన్లో చెప్పు, తర్వాత నిజం చెప్పు. పొగిడావా, ఆ పేజీ ఇంక నీది కాదు."

తప్పుకోవడం తేలికే. కానీ ఈసారి వాళ్ళకి జడిసి తప్పుకుంటే, ఇకనుంచి ప్రతి శుక్రవారం పేజీ ఆ బల్ల మీదికి రావలసిందే. ఆమె శుక్రవారం ఆఫీసులోనే రాసి ఇచ్చేసింది. ఇంట్లో అడిగితే "ఇంకా అవలేదు" అంది. అబద్ధం పేజీలో రాయదు గాని, ఇంట్లో చెప్పడానికేం?

ఆదివారం పొద్దున్న అందరూ బల్ల దగ్గర చేరారు. ఆడపడుచు పేపరు విప్పి గట్టిగా చదివింది.

"'ఈ నవల రాసినావిడ మా అత్తగారు.'"

"మొదలు గౌరవంగా ఉంది" అన్నారు మామగారు.

"'సగం పుస్తకం దాకా హత్య జరగకుండా హత్యానవల రాయడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. కుటుంబమంతా కష్టపడాలి, ఇక్కడ పడ్డారు. ఇందులో నమ్మదగ్గ మనిషి హంతకురాలు ఒక్కతే. చిన్న కోడలు ఎందుకు చంపిందో రచయిత్రి చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆ ఇంటి బల్ల దగ్గర ఒక్కపూట కూర్చున్నవాళ్ళకి అర్థమైపోతుంది. నాకు అర్థం కానిదల్లా, ఒక్కడితో ఎందుకు సరిపెట్టుకుందని.'"

చదువుతున్న గొంతు చివరికి వచ్చేసరికి సన్నబడిపోయింది. దిద్దించడానికి లేదు, అచ్చయిపోయింది. ఇంతలో వంటింట్లోంచి చిన్న కోడలు ట్రే తెచ్చి, అందరి ముందూ టీ కప్పులు పెట్టి, తన కుర్చీలో కూర్చుని ఊదుకుంటూ తాగడం మొదలుపెట్టింది. మిగిలిన కప్పులు ఎవరూ ముట్టలేదు.

"మీరు ముందు తాగండి" అన్నారు అత్తగారు, మామగారితో.

"నేనే ఎందుకు?"

బల్ల చుట్టూ ఒక్కొక్క చెయ్యీ లేచింది. చిన్న కొడుకు కాసేపు పెళ్ళాం మొహం చూసి, తన చెయ్యి కూడా ఎత్తాడు.