ఫైలుకో దిష్టిచుక్క

మా ఆయన పనిచేసే మంత్రిత్వ శాఖలో తప్పు లేని కాగితం పైకి పోదు. తప్పులు దొర్లుతాయని కాదు, శ్రద్ధగా పెడతారు. దేశం మొత్తం వ్యాపారాన్నీ ఆర్థిక వ్యవహారాలనీ నెత్తిన మోస్తున్న భవనం అది. అక్కడ కింది గదిలో రాసిన కాగితం పై గదికి వెళ్తే, పై గదిలో కూర్చున్నాయన ఏదో ఒకటి మార్చి తీరాలి. మార్చకపోతే ఆయన చదివాడని ఎవరికీ తెలియదు, అసలు ఆ కుర్చీ ఎందుకని ఎవరికైనా అనుమానం రావచ్చు. కాగితం మరీ చక్కగా ఉంటే, ఏమీ తోచక అందులో పనికొచ్చే ముక్కనే కొట్టేస్తాడు. అందుకని రాసేవాళ్లే కన్ను పడే చోట ఒక తప్పు పెట్టి పంపుతారు. పైవాడు దాన్ని కొట్టేసి, తృప్తిపడి, మిగతాదాని జోలికి పోడు. చంటిపిల్ల బుగ్గన పెట్టే చుక్క లాంటిది కనుక ఆఫీసులో దాన్ని దిష్టిచుక్క అంటారు.

ఆ చుక్క పెట్టడంలో మా ఆయన్ని మించినవాడు ఆ భవనంలో లేడు. ఈ మాట అన్నది కూడా మా ఆయనే. ఒకసారి బయటి దేశాలకు అమ్మదగ్గ సరుకుల్లో మంచుగడ్డలు కలిపాడు. మాది చెమటలు కక్కే ఊరు. అప్పటి పై అధికారిని అందరూ ఎర్రసిరా సారు అనేవారు. ఆయన మంచుగడ్డల చుట్టూ సున్నా చుట్టి, "నేను లేకపోతే ఈ దేశం ఏమైపోయేదయ్యా?" అని ఆ రోజంతా వరండాలో హుషారుగా తిరిగాడట.

ఇంట్లో మాత్రం పై గది మా ఆయనది, కింది గది నాది. వీధి చివర నాకు కుట్టు షాపు ఉంది. ఆరు మిషన్లు, ఆరుగురు ఆడవాళ్లు, ఎక్కువగా బడిపిల్లల యూనిఫారాలు. పెళ్లయిన కొత్తలో ఈయన కంచం ముందు కూర్చున్నాడంటే చాలు, "ఆ షాపు మూసెయ్యరాదూ, మనకేం తక్కువ?" అని మొదలుపెట్టేవాడు. ఒకరోజు పొరపాటున కూరలో ఉప్పు తగ్గింది. ఆ పూట ఉప్పు గురించి ఉతికి ఆరేసి, షాపు సంగతి మరిచేపోయాడు. మర్నాటి నుంచి నేను పొరపాటు పడలేదు, కావాలనే తగ్గించాను. నా కంచంలో నేను కలుపుకునేదాన్ని. ఇన్నేళ్లూ నా షాపు నిలబడింది ఆ చిటికెడు ఉప్పు మీదే.

ఎర్రసిరా సారు రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి కొత్త సారు వచ్చాడు. అతను నెమ్మదస్తుడు, ఏ ఫైలు ఇచ్చినా "బాగుందండీ" అని సంతకం చేసేవాడు. ఆ మాట వింటే ఆఫీసులో అందరి గుండెల్లో రాయి పడేది. బాగుంది అనే అధికారిని వాళ్లు పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అతను వచ్చిన కొత్తలోనే, బయటి దేశాల నుంచి తెప్పించడం మానేయాల్సిన సరుకుల జాబితా రాసే పని మా ఆయన మీద పడింది. ప్లాస్టిక్ పూలు, చీపుళ్లు, గాజు బొమ్మలు. మధ్యలో చుక్క కింద ఈ మహానుభావుడు పెట్టిందేమిటయ్యా అంటే, సూదులు.

మన దేశంలో మిషను సూది చేసేవాడు ఒక్కడూ లేడు. చేతి సూది చేసేవాడూ లేడు. ఎవరు చదివినా చటుక్కున కొట్టేస్తారని ఈయన ధీమా. ఎవరూ కొట్టేయలేదు.

నాకా సంగతి షాపులో టీవీ చూస్తుంటే తెలిసింది. మైకుల గుత్తి ముందు మంత్రిగారు ఊగిపోతున్నారు. "సూది కూడా పరాయి దేశం నుంచి తెచ్చుకోవాలా? సిగ్గుగా లేదూ? ఇవాళ్టి నుంచి మన సూది మనమే చేసుకుందాం!" చప్పట్లు మోగాయి. నా షాపులో ఆరు మిషన్లూ ఒక్కసారి ఆగాయి.

"ఏమమ్మాయ్, మీ ఆయన ఆఫీసే కదూ అది?" అంది కాజాల అత్త. ఆవిడ మా అందరిలోకీ పెద్దది, గుండీలూ కాజాలూ ఆవిడ పని. ఆ చూపు తప్పించుకోవడానికి నేను మిషనులో దారపు బాబిన్ సర్దుకున్నాను.

సాయంత్రం ఈయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే పట్టుకున్నాను.

"మీరేనా?"

"ఎవరో ఒకరు కొట్టేస్తారనుకున్నానే."

"ఇంత ప్రపంచంలో మీకు సూదులే దొరికాయా?"

"పొద్దున కాల్లో గుచ్చుకుంది కదా, నువ్వు మంచం పక్కన పడేసిన సూది. రాసేటప్పుడు అదే గుర్తొచ్చింది."

నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే రేపే వెళ్లి తప్పు రాశానని చెప్పండి."

"చెబితే ఎందుకు రాశావంటారు. చుక్క సంగతి బయటపెడితే మొత్తం శాఖ పరువు గంగలో కలుస్తుంది. వివరణ ఒకటి తయారు చేస్తున్నాంలే."

"అందులోనూ ఒక చుక్క పెడతారా?"

నీళ్లు నమిలాడు. అంటే పెడతారన్నమాట.

మిషను సూది ఎన్నాళ్లో బతకదు. మందపాటి బట్ట మీద టప్పున విరుగుతుంది. హోల్‌సేల్ దుకాణంవాడు ఉన్న డబ్బాలన్నీ లోపల దాచేసి, సూదులా, అవెలా ఉంటాయండీ అన్నట్టు మొహం పెట్టాడు. బడులు తెరిచే రోజు దగ్గరపడుతోంది. ఒక్కో మిషను సూది విరిగినప్పుడల్లా దాని మీద గుడ్డ కప్పి, ఆ మనిషిని ఇంటికి పంపేదాన్ని. చివరకు నా మిషనుతో నేనూ, కాజాల అత్తా మిగిలాం. కాజాలు వేయడానికి చొక్కాలు లేవు. అయినా ఆవిడ రోజూ వచ్చి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునేది. ఆవిణ్ణలా చూస్తే నాకు ఏడుపు వచ్చేది. ఇన్నేళ్లు ఉప్పు తగ్గించి కాపాడుకున్న షాపును ఈయన ఒక్క మాట రాసి మూయించాడు.

ఇక్కడ మంత్రిగారి కోటు సంగతి చెప్పాలి. ఆయన భుజం ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. కొన్న కోటేదీ ఆయనకు కుదరదు. అందుకని ఆయన కోట్లు నేనే కుడతాను. ఆ వారంలో ఆయన ఏదో వ్యాపార సమావేశానికి వేరే దేశం వెళ్లాలి. కుడి చెయ్యి అతికించాను. ఎడమ చెయ్యి మొదలుపెట్టగానే నా ఆఖరి సూది విరిగింది. కాజాల అత్త దగ్గర చేతి సూది ఒకటుంది, దానితో కుట్టొచ్చు. కుట్టలేదు. ఒంటిచెయ్యి కోటు మడతపెట్టి సంచిలో పెట్టుకుని, ఈయన వెంట ఆఫీసుకు బయల్దేరాను.

"కోటు అయిందా?" అన్నాడు దారిలో.

"అక్కడ చూద్దురుగాని."

మంత్రిగారి గది మా షాపుకు నాలుగింతలుంది. మంత్రిగారి పక్కన శాఖకంతటికీ పెద్ద సారూ, ఆయన పక్కన కొత్త సారూ నిలబడ్డారు. మా ఆయన తలుపు దగ్గర బల్లిలా గోడకు అతుక్కున్నాడు. మంత్రిగారు కోటు తొడుక్కున్నారు. కుడి చెయ్యి దూరింది. ఎడమ చెయ్యి చొక్కాతోనే బయటికొచ్చి గాల్లో ఊగింది.

"అమ్మా, రెండోదేదీ?"

"సూది విరిగిందండీ. సూదులు మీరు ఆపేశారు కదా. మన దేశంలో చేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, రేపటికల్లా తెచ్చిస్తాను."

మంత్రిగారు పెద్ద సారు వైపు చూశారు. "చేసేవాళ్లు లేరా?"

"లేరండి," అన్నాడు పెద్ద సారు.

"మరి నా చేత అంత మాట ఎవడు చెప్పించాడు?"

మా ఆయనేనన్న మాట నోటిదాకా వచ్చింది నాకు. అయినా పంటి బిగువున ఆపుకున్నాను. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు. పెద్ద సారు గొంతు సవరించుకుని, "సంతకమైతే కొత్త సారుదండి" అన్నాడు. కొత్త సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక మా ఆయన నోరు మూసుకుంటే చాలు, గండం గట్టెక్కినట్టే. ఆ నెమ్మదస్తుడు బలైపోతాడు, అంతే. ఇప్పుడు కూడా మూసుకుంటే ఇక ఈ మనిషి కంచంలో నేను అన్నం పెట్టలేననిపించింది.

"నేనండి," అన్నాడు మా ఆయన. "రాసింది నేను. తప్పని తెలిసే రాశాను. సారు కొట్టేస్తారని పెట్టాను. సారు తప్పేం లేదు."

కొత్త సారు తలెత్తాడు. "నేనూ చూశానండి," అన్నాడు మెల్లగా. "పెద్ద సారు కొట్టేయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని వదిలేశాను."

అందరూ పెద్ద సారును చూశారు. ఆయన తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగాడు. "నేను మాత్రం... మంత్రిగారికి ఒకటి ఉంచుదామని..."

మంత్రిగారు ఒంటిచెయ్యి కోటుతోనే కుర్చీలో కూలబడ్డారు. ఇక ఈయన ఉద్యోగం ఊడినట్టేననుకున్నాను. మంత్రిగారికి వచ్చింది కోపం కాదు, ఉక్రోషం.

"ఇన్నేళ్ల నుంచి ఈ ఆట ఆడుతూ, నా ఒక్కడికే చెప్పలేదేమయ్యా? అందరూ ఏదో ఒకటి కొట్టేసుకుంటున్నారు. నా దగ్గరికి మాత్రం అన్నీ కడిగి తుడిచినవి పంపుతారు. ఏదీ, తేండి ఆ కాగితం!"

తెచ్చారు. సూదులు అన్న చోట పెన్ను పెట్టి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, కాగితం చిరిగేదాకా కొట్టేశారు. మొహం మతాబులా వెలిగిపోయింది.

"ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగారు ఆశగా.

ఆ రోజే టీవీలో, పేద దర్జీల కష్టం మంత్రిగారు స్వయంగా కనిపెట్టి సవరించారని చెప్పారు. మా షాపులో కాజాల అత్త పైటచెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మా ఆయనకు శిక్ష కూడా పడింది. ఇక నుంచి మంత్రిగారికి వెళ్లే ప్రతి ఫైల్లో ఆయన కోసం ప్రత్యేకంగా ఒక చుక్క పెట్టే పని అప్పగించారు.

సాయంత్రం భోజనానికి కూర్చున్నాడు. కూర వడ్డించాను. ఒక ముద్ద తిన్నాడు, ఆగాడు. ఇంకో ముద్ద తిన్నాడు. పోయిన వస్తువును వెతికినట్టు నోట్లో వెతుక్కుంటున్నాడు.

"ఇవాళ ఉప్పు..."

"ఏమైంది?"

"సరిపోయింది." కంచంలోకి చూశాడు, నన్ను చూశాడు. ఎంతైనా ఆ విద్యలో ఆరితేరినవాడు కదా, ఒక్కొక్కటే అర్థమవుతున్నట్టు మొహంలో తెలుస్తోంది. "ఇన్నేళ్లూ... కావాలనే?"

"మీరు కొట్టేయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కలిపిన అన్నమే మళ్లీ కలిపాడు.

"షాపుకు సూదులు వచ్చాయా?" అన్నాడు.

పెళ్లయ్యాక నా షాపు సంగతి ఆయన అడగడం అదే మొదలు. రేపు వస్తాయన్నాను. తల ఊపి, ఇంకొంచెం కూర వేయమని కంచం ముందుకు జరిపాడు.