ఆమినాబీ దగ్గర పెట్టిన పిల్ల

రేపల్లె రైలు తెనాలిలో ఆగగానే సగం మంది ముందు ఆమినాబీ దగ్గరికే పోతారు. ఆవిడ ప్లాట్‌ఫారం చివర బల్ల పక్కన జామకాయలు అమ్ముద్ది. "పిన్నీ, ఈ పాలు పెట్టుకో, సాయంత్రం తీసుకుంటా" అని ఒకరు, "ఈ మల్లెపూలు చూస్తుండు" అని ఇంకొకరు. సాయంత్రానికి పాలు విరగవు, పూలు వాడవు. ఒకసారి బర్నబాస్ మేస్టారు ఐస్‌క్రీం పెట్టి మర్చిపోయాడు. మూడోరోజు వచ్చి, గట్టిగా ఉన్నదాన్నే నాక్కుంటూ పోయాడు. ఇందులో ఎవరికీ వింతేం లేదు. ఆ పేరు అలాంటిది.

ఆమినా అంటే అరబ్బీలో భద్రంగా ఉన్నది అని. ప్రవక్తగారి తల్లి పేరు. రేపల్లెలో ఈవిడ నానమ్మ పేరూ అదే, ఆవిడా ఊరందరి సామాన్లూ కాసింది. అప్పట్లో వాళ్ళ వీధిలో నలుగురు ఆమినాలు. ఒకరిని పిలిస్తే నలుగురూ పలికేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లో చూసి ఆయ్రా, జోయా అని పెట్టుకుంటున్నారు. కోడలు మనవరాలికి ఆమినా అని పెడతానంటే ఈవిడే వద్దంది. "నా నడుం విరిగింది చాల్లే" అంది.

ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ ఒక పాప ఉంటది. నాలుగు నెలలది. ఇరవై రెండేళ్ళ నుంచీ నాలుగు నెలలదే. ఒక పిల్లతల్లి వచ్చి, "అక్కా, టిక్కెట్టు కొనుక్కొచ్చి తీసుకుంటా" అని చేతికిచ్చి బాపట్ల బండెక్కేసింది. పాప పాలు తాగుద్ది, ఏడుస్తది, నిద్రపోతది. పెరగదు. ఆమినాబీ దానికి పేరు కూడా పెట్టలేదు. ఎవరి పిల్లకి ఎవరు పేరు పెట్టేది?

పోయిన నెల డాక్టరు ఆమినాబీ గుండె చూసి, ఆపరేషన్ చెయ్యాలి, అయినా నమ్మకం చెప్పలేనన్నాడు. ఆవిడకి భయమేసింది. భయం తన గురించి కాదు. నానమ్మ పోయిన రోజు ఆవిడ దగ్గర ఎవరో పెట్టిన కోడిపిల్ల ఉంది. పొద్దున పచ్చగా కిచకిచలాడింది. మధ్యాహ్నానికి ముసలికోడై, ఈకలు రాలి చచ్చిపోయింది. కాసినవాళ్ళు పోతే, ఆగిన ఏళ్ళన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఇచ్చినవాళ్ళే వచ్చి తీసుకోవాలి. ఇంకొకళ్ళ చేతిలో పెడితే చెల్లదు.

ఆమినాబీ రైలు దిగిన ప్రతివాళ్ళకీ చెప్పింది. "ఎడం కనుబొమ్మ మీద కాలిన మచ్చ. తెల్లగా ఉంటది. ఎక్కడన్నా చూశారా?" చీరల మూట మోసుకుని బాపట్లలో ఇల్లిల్లూ తిరిగే యలమంద విన్నాడు. "ఆ మచ్చ భువనేశ్వరిగారికుంది పిన్నీ. నా దగ్గరే చీరలు కొంటారు" అన్నాడు.

ఆపరేషన్‌కి రెండు రోజులుందనగా, మధ్యాహ్నం బండికి యలమంద వెనకాలే భువనేశ్వరి దిగింది. నలభై దాటినై. సంచిలో కొత్త పంజాబీ డ్రస్సు. ప్లాట్‌ఫారం మీద వయసులో ఉన్న ఆడపిల్లలందరి మొహాల్లోకీ చూసుకుంటూ వచ్చింది.

"అమ్మాయి ఏదండీ? నన్ను చూడనంటుందా? తిట్టినా పడతానండి."

"తిట్టడానికి దానికి మాటలు రావొద్దా?" అని ఆమినాబీ పాప మీద తువ్వాలు తీసింది.

భువనేశ్వరి వంగి చూసింది. తను కుట్టిన పసుపు జుబ్బా. బుగ్గ మీద తను పెట్టిన కాటుక చుక్క, చెదరనే లేదు.

"ఇదేంటండీ... ఇదేంటండీ ఇది!"

"నువ్విచ్చిందే. ఇచ్చినట్టే ఉంది. తీసుకో."

"పెద్దపిల్లయ్యుంటుంది, కాళ్ళు పట్టుకుని పోదామని వచ్చానండి. మొదటాయన పోయాక, పిల్లుంటే మళ్ళీ పెళ్ళి కుదరదని మావాళ్ళు పట్టుబట్టి కూర్చున్నారు. ఇప్పుడున్నాయనకి ఈ సంగతే తెలీదు. పెద్దాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ వయసులో చంటిదాన్నెత్తుకుని ఏ మొహంతో ఇంటికెళ్ళను?"

"ఉన్న మొహంతోనే వెళ్ళు. ఆయన రోజూ చూసే మొహమేగా."

యలమంద చీరల మూట ఇటునుంచి అటు పెట్టాడు.

"ఎల్లుండి తర్వాత నేనుంటానో లేదో" అంది ఆమినాబీ. "నేను పోతే ఇది ఒక్క పూటలో ఇరవై రెండేళ్ళు పెరగాలి. ఈ లేత ఎముకలు తట్టుకుంటాయా? నువ్వే చెప్పు."

భువనేశ్వరి చేతులు చాపింది. వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపింది, మళ్ళీ తీసుకుంది. ఆమినాబీ బతిమాలలేదు, కదలకుండా పాపని అలాగే పట్టుకుంది. మూడోసారి భువనేశ్వరి పిల్లని లాగేసుకుంది. పడేస్తానేమోనని బల్ల మీద పడుకోబెట్టింది.

పాప కాళ్ళు రెండూ పైకెత్తింది. ఒక పక్కకి ఒరిగింది. దబ్బున బోర్లా పడి తల పైకెత్తింది.

టీ అమ్మే రవిశంకర్ వేడి టీ చెయ్యి మీద పోసుకుని కూడా అరవలేదు. పూలమ్మే సుగుణమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మో! ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా ఒరగలేదే ఇది!"

పాప బల్ల అంచుకి జరుగుతుంటే భువనేశ్వరి కెవ్వుమని అరిచి, ఒడిసి పట్టుకుని గుండెకి అదుముకుంది. అప్పుడే ఫోను మోగింది. మొగుడు మధుసూదన్.

"ఎక్కడున్నావే? అన్నం నేనే పెట్టుకుని తిన్నా."

"తెనాల్లో ఉన్నానండి. పెళ్ళికి ముందు చెప్పాల్సిన మాటొకటి ఇప్పటిదాకా మీకు చెప్పలేదు. ఇంటికొచ్చి చెప్తా. అరవాలంటే అప్పుడరవండి." పాపని భుజం మీదికి మార్చుకుంది. "ముందు శనగపప్పు నానబెట్టండి. బొబ్బట్లు చెయ్యాలి. మా అమ్మాయి బోర్లా పడింది."