ఏసీ జాలీ చుట్టూ నలుపు

"ఇంకోసారి తుడువు. ఆ మూల వదిలేశావ్."

స్టూలు మీద నిలబడి, తల వెనక్కి వాల్చి, సీలింగులోని ఏసీ జాలీ చుట్టూ పాకిన నల్లటి బూజును తుడుస్తున్న మనిషికి, మంచం మీద కూర్చున్న భర్త ఇచ్చిన సలహా అది. ఆయనకు మూలలు బాగా కనిపిస్తాయి. స్టూలు ఊగడం మాత్రం కనిపించదు.

ఆదివారం తుడిస్తే బుధవారానికి మళ్ళీ వచ్చేస్తుంది. "నీకు పని మీద ధ్యాస ఉండదు" అని ఆయన. "మా రోజుల్లో గోడలు అద్దాల్లా ఉండేవి" అని అత్తగారు. మీ రోజుల్లో ఏసీ ఎక్కడిదండీ అని అడగాలని నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది. మాటలు మింగడంలో ఆమె ఆరితేరిపోయింది. మింగలేనిది దగ్గొక్కటే. ఆ గదిలో పడుకుని లేచిన ప్రతి ఉదయం గొంతు పట్టేస్తుంది. ఐదో తరగతికి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతే, పిల్లలు పాపం నీళ్ళ సీసాలు పట్టుకుని ఎదురొస్తారు. మొన్న హెడ్‌మిస్ట్రెస్ మెత్తగానే చెప్పింది: "వచ్చే నెల నుంచి ఆఫీసు పని చూడమ్మా, గొంతుకి విశ్రాంతి." రోజు మొత్తంలో తన మాటను ఎవరైనా చెవులప్పగించి వినేది ఆ తరగతిలోనే. అది పోతే ఇంకేం మిగులుతుంది?

అందుకే ఎవరినీ అడక్కుండా మెకానిక్‌ను పిలిచింది.

ఫోన్ చేసింది ఆమె, నిచ్చెన పట్టుకున్నదీ ఆమె. అయినా "ఎన్నాళ్ళ నుంచి సార్?" అని అతను భర్తనే అడిగాడు. సార్‌కి తెలియదు. ఆమె చెప్పింది. మెకానిక్ జాలీ విప్పి, లోపలికి టార్చి వేసి చూశాడు.

"మెషీన్ బాగానే ఉంది. గదిలోనే తడి ఎక్కువ. అదంతా చల్లటి జాలీకి పట్టుకుంటోంది. ఆ తడి పోనిదే ఎంత తుడిచినా ఇంతే. ఇక్కడ బట్టలేమైనా ఆరేస్తున్నారా సార్?"

"అబ్బే! మా బట్టలన్నీ బాల్కనీలోనే" అన్నాడు భర్త ఠక్కున.

అబద్ధం కాదు. ఆయన చొక్కాలు, బనియన్లు, దుప్పట్లు బాల్కనీలోనే ఆరతాయి. ఆమె నైటీలు, లంగాలు, లోపలి బట్టలు మాత్రం పెళ్ళయిన వారం నుంచీ ఈ గదిలో, కిటికీలు మూసి, కుర్చీల మీద. "నలుగురి కంటా పడితే ఏం బాగుంటుంది?" అన్నారు అత్తగారు అప్పట్లో. బడికి వెళ్ళేముందు ఆరేసి, తలుపు దగ్గరగా వేసి, సాయంత్రం ఆయన వచ్చేలోపు తీసి మడతపెట్టేది. భార్య బట్టలు ఎక్కడ ఆరతాయో తొమ్మిదేళ్ళుగా ఆయనకు తెలియదు. తెలుసుకునే అవసరమే రాలేదు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఎవరో చూస్తారని తొమ్మిదేళ్ళు దాచి దాచి, ఆ తడినే పీల్చి, దగ్గి, ఆదివారాలు దాన్నే తుడుస్తోందన్నమాట!

"నేనే ఆరేస్తున్నాను. నా బట్టలు. రోజూ ఇక్కడే" అంది. భర్త గదిలోని కుర్చీల వైపు చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన బనియన్లను ఒక పక్కకి జరిపి, తన బట్టలన్నీ బాల్కనీ తీగ మీద ఎండకు వేసింది. ఒక్క క్లిప్పు కూడా వెనక్కి తియ్యలేదు.

"అందరూ చూస్తారే!" వెనక నుంచి అత్తగారు.

"చూడనివ్వండి అత్తయ్యా. వాళ్ళ ఇళ్ళల్లో ఉండవా ఏంటి ఇవి? నేను ఊపిరి పీల్చుకోవాలి, పాఠం చెప్పుకోవాలి."

అత్తగారు విసవిసా లోపలికి వెళ్ళిపోయారు. భర్త తీగను చూసి, ఏదో అనబోయి, "గదిలో కిటికీలు తీశాలే" అన్నాడు. ఆ రోజే ఆమె హెడ్‌మిస్ట్రెస్‌ను నెల గడువడిగింది. నెల తిరిగేసరికి జాలీ తెల్లగానే ఉంది, ఐదో తరగతి ఆమెకే ఉంది.

ఒక ఉదయం ఆమె బట్టలు ఆరేస్తుంటే పక్కన ఎవరో నిలబడ్డారు. అత్తగారు. చేతిలో నీళ్ళు కారుతున్న పాత లంగా.

"కాస్త జరుపు" అన్నారు, ఆమె ముఖం చూడకుండా. "నలభై ఏళ్ళుగా బాత్రూం తలుపు వెనకే ఆరేశాను. ఒక్కనాడూ పూర్తిగా ఆరిన లంగా కట్టుకుని ఎరగనే అమ్మాయ్."