ఆదివారం నీటిమట్టం

వాన నీరు ఏ వాలున ఏ బావికి చేరుతుందో పదో తరగతికి చెప్పి, ఇళ్ల దగ్గరి బావుల్లో నెల రోజులు తాడు దించి నీటిమట్టం రాసుకురమ్మన్నాను. అందరి పట్టికల్లోనూ ఆదివారం మట్టం పైకొచ్చింది.

"ఆదివారం మీ నాన్నగారి ట్యాంకర్‌కి సెలవు కదా టీచర్, మా బావి ఊపిరి పీల్చుకుంటుంది!" అంది ముందు బెంచీ పిల్ల. క్లాసంతా గొల్లుమంది.

సాయంత్రం నాన్నను ట్యాంకర్ నింపే బోరు వాడకం తగ్గించమన్నాను.

"ఆ నీళ్లమ్మే నిన్ను టీచర్ని చేశా. ఇప్పుడు నాకే పాఠాలా తల్లీ?" అన్నాడు. ట్యాంకర్ తాళాలు మేకుకి తగిలిస్తూ, "తమ్ముడి చదువు ఇంకా రెండేళ్లుంది" అన్నాడు.



మర్నాడు, గోడకు పెట్టే చార్టులో సెలవు రోజుల మట్టాలు అక్కర్లేదని చెప్పాను. ముందు బెంచీ పిల్ల చార్టు ముందుకు లాక్కుంది. స్కేలు పెట్టి ఆదివారాలన్నీ నీటుగా కొట్టేసింది.