నాలుగో పొర

"ఈ పలకని కోతమిషన్‌కి వేస్తే మూడు పొరలే వస్తాయి. నాలుగోదాన్ని పొట్టు చేసి మింగేస్తుంది," అన్నారు మావయ్య, కట్టు కట్టిన మణికట్టు చూపిస్తూ. అది విరక్కపోతే ఆయనే చేతిరంపం పట్టేవారు.

"మేమిద్దరం కోస్తాం మావయ్యా!" అనేసింది సెబోమ్. పెళ్లి కొత్త. ఏ పనైనా భర్త కిహోతో కలిసి చేయడమంటే ఆమెకి పండగే.

ఆ పలక పెర్సిమన్ చెట్టుది, లోపలంతా సిరా ఒలికినట్టు నలుపు పాకింది. అలాంటిది మళ్లీ దొరకదు. పొరల్ని పుస్తకం విప్పినట్టు పక్కపక్కన పరిస్తే ఆ నలుపు జంట కొండలవుతుంది. బీరువా తలుపులు రెండు, తలుపుకి రెండు పొరలు. మూడే వస్తే బీరువా లేదు. పలక పాడైతే అసలేమీ లేదు, ఆ నింద కోస్తామని నోరు జారిన సెబోమ్‌దే.

పలకని నిలువుగా బిగించి, రెండు పిడుల పల్చటి రంపం పట్టుకుని చెరోవైపు నిలబడ్డారు. రెండు కోతలు చక్కగా దిగాయి. ఊడొచ్చిన పొరని తడిగుడ్డతో తుడవగానే నల్లకొండలు పైకి లేస్తుంటే సెబోమ్ చప్పట్లు కొట్టింది.

మూడో కోత మొండికేసింది. కిహో చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. పాపం అనిపించి, అతను లాగినప్పుడల్లా ఆమె ఇటునుంచి రంపాన్ని తోయసాగింది.

"ఆపండి!"

మావయ్య వేలు కోత వెంట జారి కిహో వైపు ఆగింది. అక్కడ రంపం గీత దాటి పక్క పొరలోకి వాలిపోయింది. ఆ పొరలో అక్కడ మిగిలింది గోరు మందమే.

"తోస్తున్నావా అమ్మా?"

"ఆయన అలిసిపోయారని... కాస్త సాయం..."

"పల్చటి రంపం, తోస్తే వంగుతుంది. వాడు లాగేటప్పుడు నువ్వు ఊరికే ఉండాలి."

"ఊరికే ఉండటం తనకి చేతకాదు నాన్నా," అన్నాడు కిహో.

"నువ్వు నోర్ముయ్యండి!" అంది సెబోమ్, కంగారులో.

మావయ్య నవ్వలేదు. "పలక తిరగేసి రెండో చివర నుంచి రండి. కోతలు మధ్యలో కలవాలి. కలవకపోతే పొయ్యిలోకే."

మళ్లీ మొదలెట్టారు. అతను లాగినప్పుడు పిడి మీద ఆమె వేళ్లు వదులుగా వెళ్లాయి. తోద్దామని భుజం ఉబలాటపడింది. పెదవి కొరుక్కుంది. కర్, కర్. కోత ఆ గోరు మందం మిగిలిన చోటికొచ్చింది. ఉన్నట్టుండి రంపం తేలికైంది. పొర వణికి విడిపోయింది.

ఎవరూ ముట్టుకోలేదు. మావయ్యే ఎడంచేత్తో తీసి కిటికీకి ఎత్తిపట్టారు. ఒకచోట వెలుతురు తేనెరంగులో చొచ్చుకొచ్చింది. చిల్లు లేదు. కోతలు కలిసినచోట సన్నటి మెట్టుంది.

"చిత్రిక పడితే చిరుగుతుంది. గాజుపెంకుతో మెల్లగా గీకాలి," అని పొరని బల్లమీద పడుకోబెట్టి, పొరలు అతికించాల్సిన తలుపుల అడుగుచెక్కలు దగ్గరికి లాక్కున్నారు. కొలబద్ద పెట్టి పెన్సిల్ గీత గీశారు.

"నాన్నా, ఎన్ని పొరలకి గీస్తున్నారు?"

"కళ్లు లేవురా? నాలుగింటికి."

సెబోమ్ కిహో చెయ్యి పట్టుకుని గెంతింది.

"గెంతకమ్మా, ఆ గాలికి పొర లేచిపోతుంది!"